తన్‌ఖా ఖైరాత్ కాదు

మా ఇళ్ళల్లో జీతం అనే మాట తక్కువ. తన్‌ఖా అంటాం. ఒకటో తారీకు దాటిందంటే 'తన్‌ఖా మిలీ క్యా?' అని అడుగుతాం. ఫారసీలో అది తన్‌ఖ్వాహ్. తన్ అంటే ఒళ్ళు, ఖ్వాహ్ అంటే కోరేది. ఒళ్ళు అడిగేది తన్‌ఖా. తెలుగు మాటా అట్లాంటిదే. జీవితం అనే మాటే నోళ్ళల్లో అరిగి జీతమయింది. రెండు భాషలూ మావే. రెండూ ఒక్క సంగతే చెప్తున్నాయి. జీతమంటే మనిషి బతకటానికి కావాల్సింది, ఎవరో దయతలిచి పడేసేది కాదు.

అయితే మా ఇళ్ళల్లో ఇంకో మాట కూడా ఉంది. నమక్. ఉప్పు. ఎవరి ఉప్పు తిన్నామో వాళ్ళకు జీవితాంతం కట్టుబడి ఉండాలనే నీతి. ఉన్నవాడు నమక్ హలాల్, లేనివాడు నమక్ హరామ్. తెలుగువాళ్ళూ ఉప్పు తిన్న విశ్వాసం గురించి మాట్లాడతారు. మా బస్తీ పక్కన గుట్టెక్కితే ఫిల్మ్‌నగర్. అక్కడ తయారయిన సినిమాల్లో మావాడు ఎన్నిసార్లు హీరో ఇంటి ఉప్పు తిని ప్రాణమిచ్చే నమ్మినబంటుగా కనిపించాడో లెక్కలేదు. ప్రాణమివ్వనివాడు బాంబు పెట్టేవాడు. ఈ రెండింటి నడుమ నెలంతా పనిచేసి నెలాఖరుకు జీతం అడిగే మామూలు మనిషి ఒకడున్నాడు. అతను తెరమీదికి రాడు.

ఉప్పు వేరు, తన్‌ఖా వేరు. తన్‌ఖాకు లెక్కుంటుంది, తారీకుంటుంది, బాకీ ఉంటుంది. ఉప్పుకు లెక్కలేదు. ఎంత పెట్టినా పెట్టిన చేయి పైనే ఉంటుంది, తిన్న చేయి కిందే ఉంటుంది. ప్రభుత్వాలు తామిచ్చే జీతాన్ని ఉప్పుగానే చూడటానికి ఇష్టపడ్డాయి. అది ఉప్పు కాదు, బాకీ అని కోర్టులో చెప్పించటానికి ఈ దేశంలో చాలా ఏళ్ళు పట్టింది. ఆ చరిత్రలో మావాళ్ళ పాత్ర కూడా ఉంది. దాన్ని మేం చెప్పుకోలేదు, ఎవరూ చెప్పలేదు.

మేముండే టోలిచౌకి పేరులోనే కొలువు ఉంది. టోలి అంటే గుంపు, దండు. చౌకి అంటే కాపలా ఠాణా. ఒక పక్క గోల్కొండ కోట, ఇంకో పక్క కుతుబ్‌షాహీల గుంబద్‌లు. దర్బారుకు, ఫౌజుకు, దఫ్తర్‌కు కొలువు చేసిన కుటుంబాలతో నిండిన నగరం ఇది. కనుక మా చరిత్రను నవాబుల వంశవృక్షాల్లో కాక జీతం బాకీల్లో వెదకటం న్యాయం.

నిజాం రాజ్యంలో పందొమ్మిదో శతాబ్దం తొలి సగమంతా జీతం గొడవే. ఖజానా ఖాళీ. అరబ్బు సిపాయిలకు, రోహిల్లాలకు నెలల తరబడి బాకీ. వాళ్ళు చెప్పుకోవటానికి కోర్టు లేదు. దివాను గుమ్మం ముందు కూర్చోవటం, అధికారుల్ని కదలనివ్వకపోవటం, ఇదే వాళ్ళ దావా. జమాదార్లు ఏకంగా తాలూకాలనే తాకట్టు పట్టుకుని బాకీ కింద శిస్తు వసూలు చేసుకునేవాళ్ళు. ఆ శిస్తు కట్టిన రైతు బతుకు ఎట్లా ఉండేదో వేరే చెప్పక్కర్లేదు.

ఇదే కాలంలో హైదరాబాదు కాంటింజెంట్ అనే సైన్యం ఒకటుండేది. పేరు హైదరాబాదుది, అధికారులు ఇంగ్లీషువాళ్ళు, అదుపు రెసిడెంటుది, జీతం మాత్రం నిజాం ఇవ్వాలి. ఆయన ఇవ్వలేకపోతే కంపెనీ ఇచ్చి ఆయన ఖాతాలో రాసుకునేది. ఆ రాసుకున్న అప్పును చూపించి 1853 మే 21న నాలుగో నిజాం నాసిరుద్దౌలా చేత ఒప్పందం మీద సంతకం పెట్టించారు. పత్తి పండే బేరారు, దానితో పాటు రాయచూరు దోఆబు, నల్‌దుర్గ్ వైపు జిల్లాలు కంపెనీ చేతికి వెళ్ళాయి. 1860లో 50 లక్షల అప్పు రద్దయి దోఆబు, నల్‌దుర్గ్ వెనక్కి వచ్చాయి. బేరారు రాలేదు. 1902లో కర్జన్ దాన్ని ఏడాదికి 25 లక్షల కౌలుకు శాశ్వతంగా రాయించుకున్నాడు.

దీన్ని పాఠ్యపుస్తకాలు రాజుల కథగా చెప్తాయి. జీతం కథగా చూడండి. సిపాయికి రావాల్సిన నెల జీతం సిపాయి అడిగితే తిరుగుబాటు. అదే జీతం బాకీని కంపెనీ అడిగితే హక్కు, ఒప్పందం, రాజ్యభాగం. బలమున్నవాడి చేతిలో పడ్డ లెక్క బాకీ అవుతుంది. బలంలేనివాడి చేతిలో ఉన్న లెక్క మొర అవుతుంది.

ఒప్పందమయిన కొద్దిరోజులకే ఇరవైనాలుగేళ్ళ సాలార్‌జంగ్ దివాను అయ్యాడు. తాకట్టులో ఉన్న తాలూకాల్ని విడిపించాడు. శిస్తు గుత్తేదార్ల స్థానంలో జీతం తీసుకునే తాలూక్‌దార్లను పెట్టాడు. 1865లో జిల్లాబందీతో దఫ్తరు పద్ధతి గట్టిపడింది. నౌకరీ అనే కొత్త ప్రపంచం మొదలయింది. కానీ దానికి పక్కనే పాత ప్రపంచమూ నడిచింది. మన్సబు, యౌమియా, ఇనాము. తరాలుగా వచ్చే నెలసరి, రోజువారీ భృతులు. వీటన్నిటికీ కలిపి ప్రభుత్వ భాషలో ఒకటే పేరు, అతియాత్. అంటే బహుమానాలు. స్వతంత్రం వచ్చాక 1952లో హైదరాబాదు రాష్ట్రం చేసిన చట్టానికి కూడా అతియాత్ విచారణ చట్టమనే పేరు. పుచ్చుకునేవాడికి అది ఇంటి ఖర్చు. ఇచ్చేవాడికి మాత్రం చివరిదాకా బహుమానమే.

1948 సెప్టెంబరు 13 నుంచి 17 దాకా పోలీసు చర్య. నిజాం సైన్యాన్ని రద్దు చేశారు. 1949 ఆగస్టు 15న జాగీర్లను రద్దు చేశారు. జాగీర్లు పోవటం న్యాయం. మేం జాగీర్దార్ల కోసం కన్నీళ్ళు పెట్టుకోవటం లేదు. వాళ్ళకు పరిహారం లెక్కగట్టారు కూడా. మేం అడిగేది ఆ దేవిడీల్లో, ఆ జాగీరు కచేరీల్లో, ఆ ఫౌజులో పనిచేసిన వాళ్ళ గురించి. గుమాస్తా, జవాను, సాయిస్, దర్బాను. వాళ్ళలో చాలామంది చేతుల్లో పెద్దమనిషి మాట తప్ప కాగితం లేదు. దఫ్తర్లలో ఉర్దూ పోయింది, దానితో పాటు ఉర్దూ మాత్రమే తెలిసినవాడి విలువ పోయింది. నమక్ నీతి నమ్మినవాళ్ళకు ఆ రోజు అర్థమయింది. ఉప్పుకు రసీదు ఉండదు. రసీదు లేని దానికి దావా ఉండదు.

సరే, రసీదున్నవాడి సంగతేమిటి? ప్రభుత్వం కింద కాగితం మీద నియమితుడయిన ఉద్యోగి జీతం బాకీ కోసం ప్రభుత్వం మీద దావా వేయవచ్చునా? ఈ ప్రశ్నకు అప్పటికి ఖచ్చితమైన జవాబు లేదు. ఇంగ్లీషు న్యాయం ప్రకారం రాజు నౌకరు రాజు ఇష్టమున్నంత కాలమే నౌకరు. అతనికి ఇచ్చే జీతం రాజు దయ. దయను కోర్టు ద్వారా వసూలు చేయలేరు. స్కాట్లాండు కోర్టు 1926లో ముల్వెన్నా కేసులో ఈ మాటే అన్నది. దానికీ నమక్ నీతికీ తేడా ఏముంది? భాష మారిందంతే.

మన దేశంలో ఈ పేచీ రెండుసార్లు రెండు వైపులకు ఒరిగింది. 1947లో పంజాబుకు చెందిన పండిట్ తారాచంద్ కేసులో ఫెడరల్ కోర్టు జీతం బాకీ అడగవచ్చునని తీర్పిచ్చింది. మరుసటి ఏడాది, 1948లో, ఐ.ఎం. లాల్ అనే ఐ.సి.ఎస్. అధికారి కేసు లండన్‌లో ప్రివీ కౌన్సిల్ ముందుకు వెళ్ళింది. ఆయన్ని తీసేసిన పద్ధతి చెల్లదని, ఆయన ఉద్యోగంలో ఉన్నట్టేనని ప్రివీ కౌన్సిల్ ఒప్పుకుంది. కానీ జీతం బాకీ మాత్రం అడగకూడదన్నది. ముల్వెన్నా కేసునే చూపించింది. ఉద్యోగం ఉన్నట్టే, జీతం మాత్రం లేనట్టే. ఇదీ దొరల న్యాయం.

ఈ ముడిని విప్పినవాడు బీహారుకు చెందిన పోలీసు సబిన్‌స్పెక్టరు అబ్దుల్ మజీద్. పిరికితనం చూపాడని ఆరోపణ. ముందు హోదా తగ్గించారు. అప్పీలు చేసుకుంటే పైనున్న డి.ఐ.జి. 1940లో ఏకంగా ఉద్యోగం నుంచే తీసేశాడు. అయితే మజీద్‌ను ఉద్యోగంలో నియమించింది ఐ.జి. నియమించిన అధికారి కంటే కిందివాడు తీసేయకూడదని 1935 భారత ప్రభుత్వ చట్టంలో 240వ సెక్షను ఉంది. మజీద్ ఆ సెక్షను పట్టుకున్నాడు. తీసేయటం చెల్లదు కనుక ఆ కాలం జీతం తనకు రావాలన్నాడు. పాట్నా హైకోర్టు ఒప్పుకుంది. బీహారు ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1954 ఫిబ్రవరి 11న తీర్పు వచ్చింది. రాసినవారు ప్రధాన న్యాయమూర్తి మెహర్‌చంద్ మహాజన్.

ఆ తీర్పులో వాదన చాలా సాదా. మన సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షను ప్రకారం ప్రభుత్వోద్యోగి జీతంలో కొంత భాగాన్ని అతనికి అప్పిచ్చినవాడు కోర్టు ద్వారా జప్తు చేయించుకోవచ్చు. షావుకారు వసూలు చేసుకోగలిగిన సొమ్మును, చెమటోడ్చినవాడు వసూలు చేసుకోలేడా? దయ అయితే జప్తు ఎట్లా కుదురుతుంది? జప్తు కుదిరిందంటే అది బాకీయే. ప్రివీ కౌన్సిల్ ముందు ఈ చట్టాల సంగతి సరిగా రాలేదు. ఇంగ్లండులో రాజు మీద దావా లేకపోవచ్చు, ఇక్కడ కంపెనీ కాలం నుంచీ ప్రభుత్వం మీద దావా ఉంది. కనుక ఉద్యోగి తన జీతం బాకీ కోసం ప్రభుత్వాన్ని కోర్టుకు లాగవచ్చు. అంతే. ఆ రోజు నుంచి ఈ దేశంలో ప్రభుత్వ జీతం ఉప్పు కాకుండా పోయింది.

ఆ తారీకును మళ్ళీ చూడండి. 1954. పోలీసు చర్యకు అయిదేళ్ళు దాటాయి, దేశ విభజనకు ఏడేళ్ళు కావస్తోంది. ఎక్కడ చూసినా మావాళ్ళను అడిగే ప్రశ్న ఒకటే. నువ్వు ఎవరివైపు? నీ విశ్వాసం ఎవరికి? అట్లాంటి రోజుల్లో అబ్దుల్ మజీద్ అనే పేరున్న ఒక సబిన్‌స్పెక్టరు, అందులోనూ పిరికివాడనే ముద్ర పడ్డవాడు, దేశంలో పెద్ద కోర్టుముందు నిలబడ్డాడు. అతను వీరుడా కాదా అని తీర్పు తేల్చలేదు. అతని విశ్వాసాన్ని తూచలేదు. తీసేసినవాడికి ఆ అధికారం ఉందా, లేకపోతే రావాల్సింది ఎంత, ఇదే చూసింది. పౌరుడంటే మాకు అర్థమయ్యేది ఇదే. విశ్వాసం గురించి కాక లెక్క గురించి ప్రశ్న ఎదుర్కొనేవాడు పౌరుడు.

మరి మన రాష్ట్రం? ముల్కీ గొడవల తర్వాత 1973లో ఆరుసూత్రాల పథకం వచ్చింది. దాన్నిబట్టి రాజ్యాంగంలో 371-డి అధికరణం చేరింది. ఉద్యోగుల తగాదాలు వినటానికి ఆంధ్రప్రదేశ్‌కు పరిపాలనా ట్రిబ్యునల్ ఏర్పడింది. అయితే అందులో అయిదో క్లాజు ఒకటి పెట్టారు. ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును రాష్ట్ర ప్రభుత్వం మార్చవచ్చు, లేదా కొట్టేయవచ్చు. ఎవరిమీద ఫిర్యాదో వాళ్ళ చేతికే తీర్పు మీద కత్తెర ఇచ్చారన్నమాట. పి. సాంబమూర్తి కేసులో సుప్రీంకోర్టు 1986 డిసెంబరులో ఆ క్లాజును కొట్టేసింది. దయ అనే పాత భూతం రాజ్యాంగంలోకి కూడా దొంగచాటుగా దూరి పన్నెండేళ్ళకు పైగా కాపురం చేసిందని దీన్నిబట్టి తెలుస్తుంది.

తర్వాత ఆ భూతం మళ్ళీ వచ్చింది 2020లో, కరోనాతో. మార్చి 30న తెలంగాణ ప్రభుత్వం, మార్చి 31న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉత్తర్వులిచ్చాయి. ఉద్యోగుల జీతంలో సగం, నాలుగో తరగతి వాళ్ళ జీతంలో పదోవంతు ఆపారు. పింఛన్లలో కూడా కోత పడింది. ఆ నెలలో టోలిచౌకి, షేక్‌పేట, గోల్కొండ ఇళ్ళల్లో రిటైరయిన వాళ్ళున్న ప్రతి గడపకూ దాని అర్థం తెలుసు. గల్ఫ్ నుంచి రావాల్సిన డబ్బు ఆగింది. దుకాణం మూతపడింది. ఇంట్లో కదలకుండా వచ్చేది ముసలాయన పింఛను ఒక్కటే, అది సగమయింది.

ఆంధ్రప్రదేశ్‌లో పదవీవిరమణ చేసిన జిల్లా జడ్జి దినవహి లక్ష్మీ కామేశ్వరి హైకోర్టుకు వెళ్ళారు. జీతం, పింఛను ఉద్యోగి ఆస్తి. రాజ్యాంగం 300-ఏ అధికరణం ప్రకారం చట్టం లేకుండా ఎవరి ఆస్తినీ తీసుకోకూడదు. జీవో అనేది చట్టం కాదు. పైగా బతికే హక్కు చెప్పే 21వ అధికరణం ఉంది. ఇదీ వాదన. 2020 ఆగస్టు 11న హైకోర్టు ఒప్పుకుంది. ఆపిన సొమ్మును 12 శాతం వడ్డీతో ఇవ్వమంది. ప్రభుత్వం అసలు మీద పేచీ పెట్టుకోలేదు, వడ్డీ మీద సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2021 ఫిబ్రవరి 8న న్యాయమూర్తులు చంద్రచూడ్, ఎం.ఆర్. షా తీర్పిచ్చారు. జీతం చేసిన పనికి రావాల్సిన హక్కు, పింఛను చేసిన ఏళ్ళ సేవకు రావాల్సిన హక్కు అన్నారు. అయితే వడ్డీ శిక్షలాగా ఉండకూడదని దాన్ని 6 శాతానికి తగ్గించి, 30 రోజుల్లో చెల్లించమన్నారు.

తెలంగాణ దారి వేరు. కోత మీద పిటిషన్లు హైకోర్టులో ఉండగానే 2020 జూన్‌లో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. విపత్తు సమయంలో జీతాల్లో, పింఛన్లలో సగందాకా వాయిదా వేసే అధికారం తనకు తానే రాసుకుంది. చట్టం లేదన్నారు కదా, ఇదిగో చట్టం అన్నమాట. నదికి ఆ ఒడ్డున కోర్టు వడ్డీ కట్టించింది, ఈ ఒడ్డున ఆర్డినెన్సు ఆ పని లేకుండా చూసింది. ఈ తేడా మామూలు మనిషికి తెలియాల్సిన సంగతి. బాకీ అనే మాటను కోర్టులో ఒకసారి గెలిచి ఇంట్లో కూర్చుంటే సరిపోదు.

ఇక ఆ తీర్పుల గొడుగు కిందికి రానివాళ్ళ మాట. మా మసీదుల్లో అయిదు పూటలా నమాజు చేయించే ఇమామ్, అజాన్ ఇచ్చే మౌజన్. జీతం కోసం ఇమాముల సంఘం సుప్రీంకోర్టుకు వెళ్ళినప్పుడు వక్ఫ్ బోర్డులు ఏమన్నాయి? ఇమాములు మా ఉద్యోగులు కారు, నమాజు చేయించటం పుణ్యకార్యం, దానికి జీతమేమిటి అన్నాయి. చూశారా, ఈసారి ఉప్పు మాట మాట్లాడింది మా సొంత సంస్థలే. 1993 మే 13న న్యాయమూర్తి ఆర్.ఎం. సహాయ్ తీర్పు దాన్ని ఒప్పుకోలేదు. ఇమామ్‌కూ పొట్ట ఉంది, ఆరునెలల్లో జీతాల పథకం తయారు చేయండని బోర్డులను ఆదేశించింది. ఆ తీర్పు మీద విమర్శలున్నాయి, ఉండనివ్వండి. మా ప్రశ్న వేరు. తెలంగాణలో ఇమాములకు, మౌజన్లకు ఇస్తున్న సొమ్మును 2018లో నెలకు 5,000 చేశారు. దానికి పెట్టిన పేరు గౌరవవేతనం. పేరులో గౌరవం ఉంది. కానీ అది జీతం కాదు. ఆలస్యమయితే వడ్డీ అడగటానికి లేదు, ఆగిపోతే ఎందుకని అడిగే కాగితం లేదు. ఇచ్చిన నెల ఫోటో వస్తుంది, ఇవ్వని నెల ఎవరికీ గుర్తుండదు. వాళ్ళతో పాటే కాంట్రాక్టు ఉర్దూ పంతుళ్ళు, ఔట్‌సోర్సింగ్ గుమాస్తాలు, బల్దియా పారిశుద్ధ్య కార్మికులు. ఈ వరుసలో మాల, మాదిగ, ముస్లిం పేర్లు పక్కపక్కనే ఉంటాయి. 1949లో జాగీరు కచేరీ గుమాస్తా ఎక్కడ నిలబడ్డాడో వీళ్ళూ అక్కడే నిలబడి ఉన్నారు.

మైనారిటీల గురించి మాట్లాడేటప్పుడు ప్రభుత్వాలకు ఇష్టమైన మాటలు కొన్ని ఉన్నాయి. కానుక, సాయం, తోఫా. రంజాన్ నెలలో బట్టల సంచి, ఇఫ్తారు విందు. పెట్టేవాళ్ళు మంచివాళ్ళే కావచ్చు. కానీ కానుకలు పుచ్చుకునే జాతిగా మమ్మల్ని లెక్కగడితే, మేం చేస్తున్న పని ఎవరి లెక్కలోకి వస్తుంది? ఈ నగరంలో ఠాణాల్లో, బళ్ళల్లో, ఆసుపత్రుల్లో, బస్సు డిపోల్లో మావాళ్ళు చేసిన పనికి వచ్చింది కానుక కాదు. చేయని పనికి మేం ఒక్క నెల జీతం అడగలేదు. చేసిన పనికి ఒక్క నెల జీతం వదులుకోవాల్సిన అవసరమూ లేదు.

మా అస్తిత్వం గురించి చాలామంది చాలా రాశారు. అస్తిత్వమంటే మా షేర్వానీ, మా బిర్యానీ, మా షాయరీ మాత్రమే కాదు. మా దావాలు కూడా మా అస్తిత్వమే. తారాచంద్ పండిట్, మజీద్ ముసల్మాన్, లాల్ దొరల కొలువులో పెద్ద అధికారి, లక్ష్మీ కామేశ్వరి రిటైరయిన జడ్జి. నలుగురూ అడిగింది ఒకటే. ఒకరు గెలిచిన దారిలో మిగతావాళ్ళు నడవగలిగారు. మజీద్ గెలిచిన తీర్పు హిందూ గుమాస్తాకూ పనికొచ్చింది, లక్ష్మీ కామేశ్వరి గెలిచిన తీర్పు మా ఇళ్ళల్లో పింఛనుదారుకూ రేపు పనికొస్తుంది. కలిసి బతకటం గురించి ఉపన్యాసాలు విని విని విసిగిపోయిన మాకు, కలిసి బతకటమంటే ఇదేననిపిస్తుంది.

అందుకే మా మొహల్లాల్లో ఉద్యోగంలో చేరే పిల్లలకు మేం చెప్పేది ఒక్కటే. నియామకపు కాగితం దాచుకోండి. ఎవరి సంతకంతో చేరారో చూసుకోండి, మజీద్‌ను నిలబెట్టింది ఆ సంతకమే. ఏ నెల ఎంత వచ్చింది, ఎంత ఆగింది, తారీకుతో రాసిపెట్టుకోండి. జీతం బాకీకి దావా గడువు మూడేళ్ళు, సిగ్గుపడి కూర్చుంటే గడువు కాస్తా గడిచిపోతుంది. కాగితం లేకుండా పనిచేయించుకునేవాడు మసీదు కమిటీవాడయినా, మంత్రయినా, ముందు కాగితం అడగండి. జీతం అడగటం నమక్ హరామీ కాదు. చేసిన పనికి జీతం ఎగ్గొట్టటమే నమక్ హరామీ.